ప్రమేయాలు రాసి మార్కులు తెచ్చుకున్నాం, మరి ఆ తర్వాత?

(ఎకనామిక్స్ విద్యార్థుల సమావేశంలో ఎం.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని మాట్లాడినది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. మాస్టార్లకి, మేడమ్‌లకి, గుమ్మం దగ్గర నిలబడ్డ ఫస్టియర్ వాళ్లకి కూడా. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండమ్మా, ఏం పర్లేదు.

సూటిగా విషయంలోకి వస్తాను. సంపూర్ణ పోటీ మార్కెట్ ప్రమేయాలు, అంటే సిద్ధాంతం ముందుగానే నిజమని అనుకునే షరతులు, ఏంటి, చెప్పండి? అదిగో, అడిగీ అడగ్గానే నాలుగు వైపుల నుంచీ వచ్చేస్తున్నాయి. అసంఖ్యాకమైన కొనుగోలుదారులు, అమ్మకందారులు. సజాతీయ వస్తువు, అంటే అందరి దగ్గరా అచ్చంగా ఒకే సరుకు. ఎవరైనా రావచ్చు, ఎవరైనా పోవచ్చు. మార్కెట్ గురించి అందరికీ సంపూర్ణ పరిజ్ఞానం. ఉత్పత్తి కారకాలకి, అంటే శ్రమ, పెట్టుబడి లాంటివాటికి, పూర్తి గమనశీలత, ఎటైనా కదిలే వీలు. రవాణా ఖర్చులు ఉండవు. ఇంటర్లో రాశాం, డిగ్రీలో రాశాం, ఎం.ఏ.కి వచ్చాక గ్రాఫులూ డెరివేటివ్‌లూ పెట్టి మళ్లీ రాశాం. మార్కులు కూడా బాగానే వచ్చాయి. మరి ఇన్నేళ్లలో ఒక్కసారైనా, "వీటిలో ఒకటి లేకపోతే ఏమవుతుంది?" అని పరీక్షలో అడిగారా? నన్నయితే అడగలేదు. మిమ్మల్ని అడిగారా? లేదు కదా.

నా బాధంతా అక్కడే మొదలైంది. ప్రమేయం అంటే ఒప్పుకుని ముందుకెళ్లడం. సరే, ఒప్పుకున్నాం. ముందుకెళ్లాం. కానీ వెనక్కి తిరిగి, ఒప్పుకున్నది నిజమేనా అని చూసే పని ఎప్పుడు? ఆ పని ఏ సెమిస్టర్లో ఉంది? నేను సిలబస్ మొత్తం తిరగేశాను, నాకు కనపడలేదు.

ఇంకో సంగతి. సంపూర్ణ పోటీకి దగ్గరగా ఉండే ఉదాహరణ ఏది అంటే మనం ఏం రాస్తాం? వ్యవసాయ మార్కెట్. వేలమంది రైతులు, ఒకే రకం పంట, ఎవరూ ధరని శాసించలేరు. నేనూ అదే రాశాను. మాది పల్నాడు. మా బాబాయి కౌలు రైతు, మిర్చి వేస్తాడు. ఒక ఏడాది ఆయనతో పాటు గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లాను. ఆసియాలోనే పెద్దదని పేరున్న యార్డు అది. సీజన్లో అక్కడ అడుగు పెడితే ముందు దగ్గు వస్తుంది, ఆ తర్వాత కళ్లు మండుతాయి, కాసేపటికి గానీ ఏదీ సరిగ్గా కనపడదు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వరసలు వరసలుగా పేర్చి ఉంటాయి. అక్కడ "మిర్చి" అనే సరుకు ఒకటి లేదు, తేజ వేరు, బాడిగ వేరు, 334 వేరు, తాలు కాయలు వేరు, ఒక్కోదానికి ఒక్కో రేటు. ఒక్క తేజలోనే ఈ రైతు కాయ వేరు, ఆ రైతు కాయ వేరు. మరి సజాతీయ వస్తువు ఎక్కడండీ?

కొనేవాళ్లు వచ్చారు. టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీసి, చేతిలో వేసుకుని నలిపారు. బాగా ఎండిన కాయ అయితే లోపల గింజ గలగలమంటుంది. మా బాబాయి కాయ గలగలమనే అంది, పక్కనే ఉన్న నాకు వినపడింది. వాళ్లు మాత్రం "నెమ్ము ఉంది" అన్నారు. ఆ ఒక్క మాటతో రేటు దిగింది. లేదండీ, కల్లంలో బాగా ఎండబెట్టి తెచ్చాను అని ఆయన అంటున్నాడు. వినేవాళ్లు ఎవరు? సరుకు వెనక్కి తీసుకుపోవాలంటే బండి కిరాయి. కోల్డ్ స్టోరేజీలో పెట్టాలంటే అద్దె. ఇంకో కమీషన్ ఏజెంటు దగ్గరికి పోదామంటే, పురుగుమందులకి అప్పిచ్చింది ఈ ఏజెంటే, సరుకు ఈయన కొట్టుకే దించాలి. అమ్మేశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఏమీ మాట్లాడలేదు, నేను మాత్రం దారంతా మనసులో ఆ ప్రమేయాలు ఒక్కొక్కటీ చెప్పుకుంటూ, ఇది లేదు, ఇది లేదు అని కొట్టేసుకుంటూ వచ్చాను.

ఇది మా డిపార్ట్‌మెంట్లో చెబితే నాకు వచ్చిన జవాబు ఏంటంటే, "అమ్మాయ్, సిద్ధాంతం అంటేనే సరళీకరణ, ప్రమేయాలు నిజమా కాదా అన్నది కాదు, అంచనా సరిగ్గా వస్తుందా లేదా అన్నదే చూడాలి." ఈ మాట ఊరికే పుట్టింది కాదు. అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1953లో రాసిన వ్యాసం నుంచి వచ్చింది. ఆ వ్యాసం పేరు మనలో చాలామందికి తెలియకపోవచ్చు కానీ దాని వాదన మాత్రం ప్రతి ఎకనామిక్స్ క్లాసులోనూ తిరుగుతూనే ఉంటుంది. సిద్ధాంతాన్ని దాని ప్రమేయాలతో తూచకండి, అది చెప్పిన జోస్యం నిలబడిందా లేదా అన్నదాంతో తూచండి అంటాడాయన. అక్కడితో ఆగడు, గొప్ప సిద్ధాంతాల ప్రమేయాలు వాస్తవానికి చాలా దూరంగానే ఉంటాయి అని కూడా అంటాడు.

నేను ఆ వ్యాసం తెచ్చుకుని చదివాను. మీరూ చదవండి. ఎందుకంటే అందులోనే ఒక ఉదాహరణ ఉంది, అది ఆయన వాదనకి ఎంత పనికొస్తుందో నా వాదనకీ అంతే పనికొస్తుంది. వస్తువులు కిందపడే సూత్రం గాలి లేదు అనుకుని రాసింది. మేడ మీద నుంచి ఒక గుండు కింద పడేస్తే ఆ సూత్రం చెప్పినట్టే పడుతుంది, గాలి ఉన్నా లేనట్టే లెక్క. ఈక పడేస్తే? సూత్రం పనికిరాదు. అంటే ఏమైంది? "గాలి లేదు" అన్న ప్రమేయం ఒకటే. గుండు దగ్గర సరిపోయింది, ఈక దగ్గర సరిపోలేదు. ఎక్కడ సరిపోతుందో ఎక్కడ సరిపోదో చెప్పడం కూడా సిద్ధాంతంలో భాగమేనని ఫ్రీడ్‌మన్ ఒప్పుకుంటాడు. మరి మన క్లాసులో ఆ రెండో సగం ఏమైపోయింది? మా బాబాయి గుండా, ఈకా? అది ఎవరు చెప్పాలి?

దీనికి నాకు దొరికిన మంచి జవాబు అలన్ మస్‌గ్రేవ్‌ది. న్యూజిలాండ్‌లో పనిచేసిన తత్వశాస్త్ర ఆచార్యుడు, 1981లో ఒక చిన్న వ్యాసం రాశాడు. ప్రమేయాలన్నీ ఒక జాతివి కావు అంటాడు. కొన్ని ఉపేక్షించదగ్గవి, అంటే ఆ అంశం ఉంది గానీ దాని ప్రభావం చాలా తక్కువ, వదిలేసినా నష్టం లేదు. కొన్ని హద్దులు గీసేవి, అంటే ఈ పరిస్థితి ఉన్నచోటే ఈ సిద్ధాంతం పనిచేస్తుంది, లేనిచోట దీన్ని వాడకండి అని చెప్పేవి. ఇంకొన్ని తాత్కాలికమైనవి, లెక్క తేలికగా మొదలుపెట్టడానికి పెట్టుకుని తర్వాత తీసేసేవి.

ఈ మూడో రకం మనకి బాగా తెలుసు. దేశ ఆదాయం ఎలా తేలుతుందో చెప్పే కీన్స్ ఆదాయ నిర్ణయ సిద్ధాంతం గుర్తుందా? మొదట వినియోగం, పెట్టుబడి అంతే. ప్రభుత్వం లేదు, విదేశీ వ్యాపారం లేదు. తర్వాతి అధ్యాయంలో ప్రభుత్వం వస్తుంది, ఆ తర్వాత ఎగుమతులు, దిగుమతులు వస్తాయి. గుణకం, అంటే ఖర్చు ఒక రూపాయి పెరిగితే ఆదాయం ఎన్ని రూపాయలు పెరుగుతుందో చెప్పే సంఖ్య, ఎలా మారుతుందో మనమే లెక్కగట్టాం. అక్కడ ఎవరికైనా కోపం వచ్చిందా? నాకు రాలేదు. ఎందుకంటే పుస్తకం పెట్టిన ప్రమేయాన్ని పుస్తకమే తీసి చూపించింది. సంపూర్ణ పరిజ్ఞానం దగ్గర అలా జరగలేదు. అది హద్దు గీసే ప్రమేయం. "ఈ హద్దు దాటితే ఈ రేఖలు నమ్మకండి" అని చెప్పాల్సిన ప్రమేయం. దాన్ని మనకి ఉపేక్షించదగ్గదన్నట్టు చెప్పి, చాప్టర్ ముగించేశారు. నేల విడిచి సాము అంటారే, అది ఇది. సాము చేయడం తప్పు కాదు, నేల ఎక్కడుందో చెప్పకపోవడమే తప్పు.

వెనకాల ఎవరో అంటున్నారు, "అక్కా, మరి ఇదంతా వేస్టేనా, గ్రూప్స్‌కి చదువుకోవడమే నయమా" అని. వద్దు, ఆ మాట అనకండి. నేను చెబుతున్నది దానికి పూర్తిగా ఎదురు. ప్రమేయాలు అవాస్తవం అని తెలిశాక సిద్ధాంతాన్ని అవతల పారేయక్కర్లేదు. అసలు మంచి ఎకనామిక్స్ ఆ విరిగిన చోటునుంచే పుట్టింది. ఎలాగో చెప్తాను.

జార్జ్ అకర్లాఫ్ అని అమెరికా ఆర్థికవేత్త. 1970లో ఆయన వ్యాసం ఒకటి అచ్చయింది, పాత కార్ల మార్కెట్ గురించి. అమ్మేవాడికి తన కారు ఎలాంటిదో తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి కొనేవాడు సగటు రేటే ఇస్తానంటాడు. ఆ రేటుకి మంచి కారున్నవాడు అమ్మడు, తప్పుకుంటాడు. దాంతో మార్కెట్లో సగటు నాణ్యత ఇంకా పడిపోతుంది, రేటు ఇంకా దిగుతుంది. చివరికి మార్కెట్టే ఉండకపోవచ్చు. చూడండి, ఆయన చేసింది ఏంటి? ఒకే ఒక్క ప్రమేయం తీశాడు. ఆ వ్యాసాన్ని మూడు జర్నళ్లు తిప్పి పంపాయి. రెండు చోట్ల ఇది మరీ అల్పమైన విషయం అన్నారు, ఇంకో చోట ఇదే నిజమైతే ఎకనామిక్స్ ఇలా ఉండదు కదా అన్నారు. 2001లో ఆయనకి నోబెల్ వచ్చింది, మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిపి.

ఆ వ్యాసంలో మనవాళ్లు కూడా ఉన్నారు తెలుసా? అకర్లాఫ్ 1967-68లో ఒక ఏడాది ఇండియాలో ఉన్నాడు. మన ఊళ్లలో వడ్డీ వ్యాపారులు ఎందుకు అంత వడ్డీ వేయగలుగుతున్నారో అందులో రాశాడు. బియ్యంలో అదే రంగు, అదే ఆకారం ఉన్న రాళ్లు కావాలని కలిపి అమ్ముతారనీ, ఇంట్లో ఆడవాళ్లు కూర్చుని ఏరుకోవాల్సి వస్తుందనీ కూడా రాశాడు. మా అమ్మమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతుంటే పక్కన కూర్చున్నదాన్ని నేను. అది నోబెల్ వచ్చిన వ్యాసంలో ఉందని చదివిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇప్పుడు మిర్చి యార్డు సంగతి చూడండి. కాయ మీద నీళ్లు చల్లి తెచ్చేవాళ్లు కొందరుంటారన్న అనుమానం కొనేవాడి మనసులో ఉంది. ఎవరు చల్లారో, ఎవరు చల్లలేదో అతనికి పూర్తిగా తెలియదు. అందుకని అందరికీ కలిపి ఒక కోత వేస్తాడు. బాగా ఎండబెట్టినవాడు కూడా ఆ కోత భరిస్తాడు. మా బాబాయికి జరిగింది అర్థం కావడానికి నాకు ఎకనామిక్సే పనికొచ్చింది, కానీ అది నేను పరీక్షకి చదివిన చాప్టర్లో లేదు.

ఇంకొకటి చెప్తాను, ఇది కేరళది. రాబర్ట్ జెన్సన్ అనే ఆయన సార్డీన్ చేపలు పట్టేవాళ్ల మీద పరిశోధన చేసి 2007లో అచ్చు వేశాడు. సెల్‌ఫోన్లు రాకముందు పడవ ఏ రేవుకి వస్తే ఆ రేవులోనే అమ్మాలి. పక్క రేవులో ఏం రేటుందో సముద్రంలో ఉన్నవాడికి తెలియదు. చేప నిలవ ఉండదు. 1997 జనవరిలో ఒక ఉదయం బడగరా రేవులో 11 మంది చేపలు అమ్ముడుపోక పారేశారు. 15 కిలోమీటర్ల లోపే ఉన్న రేవుల్లో కొనేవాళ్లు చేపలు దొరక్క నిలబడి ఉన్నారు. గమనించారా? కొనేవాడు ఉన్నాడు, అమ్మేవాడు ఉన్నాడు, చేప ఉంది, డబ్బు ఉంది. లేనిదల్లా సమాచారం. తర్వాత 1997 నుంచి 2001 దాకా ఆ తీరంలో ఒక్కో ప్రాంతానికీ సెల్ టవర్లు వచ్చాయి. పడవలోంచే ఫోన్ చేసి రేటు కనుక్కోవడం మొదలైంది. రేవుకీ రేవుకీ ఉన్న తేడాలు చాలావరకు పోయాయి, పారబోత ఆగిపోయింది. పట్టేవాళ్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకి రేటు 4 శాతం తగ్గింది. ఇద్దరికీ లాభమే! సంపూర్ణ పరిజ్ఞానం అన్న ఆ ఒక్క లైనుకి ఎంత విలువుందో ఇది చదివితే తెలుస్తుంది. మనం దాన్ని నాలుగో పాయింటుగా రాసి, కింద గీత గీసి వదిలేశాం.

కూలి రేట్ల దగ్గర కూడా ఇంతే. కనీస వేతనం సమతౌల్యం కన్నా, అంటే పని అడిగేవాళ్లూ ఇచ్చేవాళ్లూ సరిపోయే కూలి కన్నా, పైన పెడితే నిరుద్యోగం వస్తుంది అని గ్రాఫు గీసి చూపిస్తాం. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో 1992 ఏప్రిల్ 1న కనీస వేతనం గంటకి 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకి పెంచారు, పక్కనే ఉన్న పెన్సిల్వేనియాలో పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండు వైపులా ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లు సర్వే చేస్తే న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గినట్టు కనపడలేదు. దాని మీద పెద్ద గొడవే జరిగింది, వేరే లెక్కలతో వేరే ఫలితం చూపించినవాళ్లూ ఉన్నారు, ఆ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. నడవనివ్వండి. నేను అడిగేది ఏంటంటే, ఆ చర్చ మన క్లాసులోకి ఎందుకు రాదు? ఊరికి ఒక్కటే జిన్నింగ్ మిల్లు ఉంటే, పని ఇచ్చేవాడు ఒక్కడే అయితే, కూలి పెంచినా పని తగ్గకపోవచ్చని బ్రిటన్ ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ 1933లోనే సిద్ధాంతం రాసింది. 1933లో! అది మన పుస్తకంలో ఉంది కూడా, కాకపోతే ఎక్కడో చివర, పరీక్షకి రాదని వదిలేసే చోట.

మన రాష్ట్రంలో జరిగింది కూడా ఒకటి ఉంది. డ్వాక్రా గ్రూపులు, మైక్రోఫైనాన్స్. గ్రూపు అప్పులు ఎందుకు పనిచేస్తాయో చెప్పే సిద్ధాంతం చక్కగా ఉంటుంది: ఒకరి బాకీకి మిగతావాళ్లు పూచీ, కాబట్టి ఇరుగుపొరుగు ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు. మరి అదే ఊళ్లో అదే ఆడవాళ్లకి నాలుగైదు కంపెనీలు పోటీపడి అప్పులిస్తే? ఒకదానికి కట్టడానికి ఇంకోదాని దగ్గర తీసుకుంటుంటే? వసూలు ఒత్తిళ్లు పెరిగి, ఆత్మహత్యల వార్తలు వచ్చి, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. అప్పిచ్చేది ఒక్కరే అన్న ప్రమేయం ఆ లెక్కలో ఎక్కడో అడుగున ఉండిపోయింది. అక్కడ దాన్ని బయటికి తీసి చూడకపోతే నష్టం కట్టుకున్నది ఎవరు? పరీక్ష రాసిన మనం మాత్రం కాదు.

పెద్ద స్థాయిలో అయితే 2008 ఆర్థిక సంక్షోభం. 2003లో రాబర్ట్ లూకాస్ అంతటివాడు అమెరికా ఆర్థికవేత్తల సంఘానికి అధ్యక్షోపన్యాసం ఇస్తూ, మహామాంద్యాలని నివారించే సమస్య ఆచరణలో తీరిపోయినట్టే అన్నాడు. అప్పటి మ్యాక్రో నమూనాల్లో, అంటే దేశ ఆర్థిక వ్యవస్థ మొత్తాన్ని లెక్కగట్టే నమూనాల్లో, చాలావాటిలో దేశమంతటికీ ప్రతినిధిగా ఒక్కటే కుటుంబం ఉంటుంది. ఒక్కటే. ఆలోచించండి, అప్పిచ్చేదీ తీసుకునేదీ ఒకే కుటుంబం అయితే ఎగవేత ఎక్కడి నుంచి వస్తుంది? బ్యాంకు ఎలా కూలుతుంది? నమూనాలో చోటే లేనిదాన్ని నమూనా ముందే ఎలా చెబుతుంది? 2008 నవంబరులో ఎలిజబెత్ రాణి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి వెళ్లినప్పుడు, దీన్ని ఎవరూ ఎందుకు గమనించలేదు అని అడిగింది. ఆ ముందు నెలలోనే, 18 ఏళ్లకి పైగా అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌ని నడిపిన అలన్ గ్రీన్‌స్పాన్ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని, బ్యాంకులు తమ స్వార్థం కోసమైనా తమ వాటాదార్లని కాపాడుకుంటాయని తాను నమ్మిన ఆలోచనలో లోపం కనపడిందని ఒప్పుకున్నాడు. ఆ వయసులో, ఆ కుర్చీలో కూర్చుని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు, ఆయన మీద నాకు గౌరవమే. అయితే ఆ మాట డిగ్రీ మొదటి సంవత్సరం క్లాసుల్లోకి రావడానికి ఇన్నేళ్లు ఎందుకు పడుతోంది?

ఇలా అడిగింది మనమే మొదటివాళ్లం కాదు. 2000 జూన్‌లో పారిస్‌లో ఎకనామిక్స్ విద్యార్థులు సంతకాలు పెట్టి ఒక వినతిపత్రం విడుదల చేశారు, ఊహాలోకాల గురించే చెబుతున్నారు, మాకు వాస్తవం కావాలి అని. అక్కడి విద్యామంత్రి కమిటీ వేయాల్సి వచ్చింది. 2011 నవంబరు 2న హార్వర్డ్‌లో కొందరు విద్యార్థులు గ్రెగరీ మాన్‌క్యూ చెప్పే మొదటి కోర్సులోంచి లేచి బయటికి నడిచారు. ఆయన పుస్తకం మన లైబ్రరీలో కూడా ఉంది, మీలో చాలామంది చదివే ఉంటారు. మాంచెస్టర్‌లో విద్యార్థులు సంఘం పెట్టుకుని, తమకి ఏం చెబుతున్నారో, ఏం చెప్పట్లేదో వివరంగా నివేదిక రాసి 2014లో బయటపెట్టారు. దానికి ముందుమాట రాసింది అప్పట్లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో పెద్ద హోదాలో ఉన్న ఆండీ హాల్డేన్. నాకు వీళ్లలో మాంచెస్టర్ పద్ధతే ఎక్కువ నచ్చింది. బయటికి నడవడం ఒక రోజు పని. సిలబస్ దగ్గర పెట్టుకుని, ఒక్కో పేపర్ తీసి, ఇక్కడ ఏది లేదు అని రాయడానికి చాలా ఓపిక కావాలి.

అందుకే నేను ఇవాళ ఇక్కడ నినాదాలివ్వడానికి రాలేదు. మాస్టార్లని, మేడమ్‌లని ఒక్కటే అడుగుతున్నాను. సిలబస్ మార్చడం మీ చేతుల్లో లేదు, దానికి బోర్డు ఉంది, అది నాకు తెలుసు. ఇంటర్నల్ పేపర్ మాత్రం మీదే. అందులో ఐదు మార్కులకి ఒక్క ప్రశ్న ఇవ్వండి: "సంపూర్ణ పరిజ్ఞానం అనే ప్రమేయాన్ని తీసేసి, మీకు తెలిసిన ఒక మార్కెట్లో ధర ఎలా తేలుతుందో రాయండి." ఒకరు చేపల రేవు గురించి రాస్తారు, ఒకరు పత్తి గురించి, ఒకరు హాస్టల్ రూముల అద్దెల గురించి. జవాబులు ఒకేలా ఉండవు కాబట్టి దిద్దే పని పెరుగుతుంది, నిజమే. సెకండియర్ వాళ్లం ముందే జూనియర్లతో కూర్చుని, రాసింది చదివి, ఏ ప్రమేయం తీశారో, ఏది ఉంచారో అడిగి సరిచేయిస్తాం, పేర్లు ఇవ్వడానికి మాలో కొందరు ఇప్పటికే ఒప్పుకున్నారు కూడా. ఒప్పుకున్నవాళ్లు ఒకసారి చెయ్యి ఎత్తండి, ఫస్టియర్ వాళ్లు చూస్తారు. ఆ, వెనక నుంచి ఇంకో ఇద్దరు. మేడమ్, మీరు ఏదో అడగబోతున్నారు, మైకు అటు ఇస్తాను.